వరసలో అడగండి

వంటింటి కిటికీ దగ్గర్నుంచి,
ఎండలు మొదలైన వారం

చెల్లీ,

నువ్వు బాగానే ఉండి ఉంటావు. లేకపోతే ఈపాటికి ఫోన్ చేసి ఏడ్చేదానివి. నేను ఫోన్ మానేసి ఉత్తరం రాయడానికి కారణం ఒకటే. ఫోన్‌లో నా మాట సగంలో తుంచేస్తావు. కాగితం మీద ఆ వీలు లేదు.

విషయాలు నాలుగున్నాయి. వరసగా రాస్తున్నాను. జవాబు కూడా వరసగానే రాయి.

మొదటిది. మా అమ్మాయికి, అదే నీ ముద్దుల నర్సమ్మకి, పెద్దాసుపత్రికి బదిలీ అయింది. రైల్లో సగం రోజు దూరం. అల్లుడు కూడా అక్కడే పని చూసుకున్నాడు. అది సరే. మూడో నెల నుంచి నా చేతుల్లో పెరిగిన మనవరాల్ని, మన బొంగరాన్ని, ఇప్పుడు సామాన్లతో పాటు సర్దుకుని తీసుకుపోతుందట. ఆసుపత్రిలో పిల్లల్ని చూసుకోవడానికి ఒక గది ఉందట, అందులో బొమ్మలు కూడా ఉన్నాయట. నేను ఏడవలేదు, గొడవపడ్డాను. చివరికి ఒప్పందానికి వచ్చాం. ఈ ఊళ్ళో పిల్లకి మంచి బడిలో సీటు దొరికితే నా దగ్గరే ఉంటుంది. దొరక్కపోతే బడులు తెరిచేలోగా వచ్చి తీసుకుపోతుంది.

రెండోది. మంచి బడి అంటే ఏది? ప్రైవేటు బడి మాట ఎత్తితే మీ బావగారికి దగ్గు మొదలవుతుంది. కాబట్టి సర్కారు డబ్బుతో నడిచేవే చూశాను. నాలుగు రకాలున్నాయి. ఒకటి హాస్టల్ బడి. ఇంకా రాత్రుళ్ళు నా చెవి పట్టుకుని పడుకునే పిల్లని అక్కడెలా వేస్తాం? రెండు, ఎయిడెడ్ బడి. జీతాలు సర్కారువి, కట్టడం ఏదో సొసైటీది, దర్జా మాత్రం సొంతం. నేను వెళితే గుమాస్తా, "మీ ఇంట్లో ఎవరైనా ఇక్కడ చదివారా?" అన్నాడు. లేదన్నాను. "అయితే కష్టమండీ" అన్నాడు. ఎవరో ఒకరు మొదట చేరకుండా ఇంట్లోవాళ్ళు ఎలా చదువుతారో అడిగితే పెన్ను మూతపెట్టి టీకి లేచిపోయాడు. మూడు, మన కిటికీకి ఎదురుగా ఉన్న మామూలు బడి. దాని సంగతి నీకు తెలిసిందే. మా అమ్మాయి చిన్నప్పుడు అన్నం తినకపోతే "ఎదురు బడిలో కట్టేసి వస్తా" అనేదాన్ని. రెండు ముద్దలు ఎక్కువే తినేది. నాలుగు, ఆదర్శ బడి. అదీ మన గమ్యం.

మూడోది. ఆదర్శ బడిలో శిశు తరగతికి పరీక్ష లేదు. పిల్లతో "ముచ్చట" ఉంటుందట. పరీక్షైతే తప్పారంటారు, ముచ్చటైతే "ఇంకా సిద్ధంగా లేరు" అంటారు. తేడా అంతే.

నాలుగోది. ఆ ముచ్చట పెట్టే పెద్ద మేడమ్ ఒకప్పుడు నీతో కలిసి పనిచేసిందని విన్నాను. నిన్ను కోట్లు అడగడం లేదు. ఒక్క మాట చెప్పు, చాలు.

అక్క


శిశు తరగతి వరండా నుంచి,
ఒంటి మీద ఇసుక దులుపుకున్నాక

అక్కా,

వరసగా రాయమన్నావు కాబట్టి కింద నుంచి పైకి రాస్తున్నాను.

నాలుగోది. ఆవిడ నాకు తెలుసు. చెప్పను.

మూడోది. పిల్లకి ఏమీ నేర్పకు. మళ్ళీ చదువు, అక్కా: ఏమీ నేర్పకు. దాన్ని తోటలో తిప్పు, బఠానీలు ఒలిపించు, నీళ్ళు ఒలకబోస్తే ఒలకబొయ్యనీ. ఎందుకని అడక్కు. ఎప్పుడైనా ఒక్కసారి కారణం అడక్కుండా నా మాట విను.

రెండోది. నాలుగు రకాలు చక్కగా చెప్పావు. కానీ అన్నిటికీ జీతం ఒకే ఖజానా నుంచి వస్తుంది. ఒక బడి గోడకి "ఆదర్శ" అని రాశారంటే మిగతావాటిని ఏమనుకోవాలో సర్కారు చెప్పలేదు, జనమే అర్థం చేసుకున్నారు. మరి నేను పాతికేళ్ళుగా పనిచేస్తున్నది నువ్వు చెప్పిన ఆ మూడో రకంలోనే. నాలుగేళ్ళ పిల్లల్ని ఇసుకలో ఆడించడానికి జీతమిస్తారా అని నా పెళ్ళిలో మా అత్తగారి ముందు అడిగింది నువ్వే. ఇస్తున్నారక్కా. ఇంకా ఇస్తూనే ఉన్నారు. మా దగ్గర పిల్లల్ని కట్టెయ్యడానికి తాళ్ళు మాత్రం లేవు. తాళ్ళాట కోసం కొన్నవి పోయిన ఏడాది ఎవరో ఎత్తుకుపోయారు.

మొదటిది. దీనికి నా దగ్గర వెటకారం లేదు. బొంగరం వెళ్ళిపోతే ఆ ఇంట్లో నువ్వేం చేస్తావో నాకు తెలుసు. ఉన్న డబ్బాలన్నీ కిందికి దించి, కడిగి, మళ్ళీ అదే చోట పెడతావు.

చెల్లి

తా.క. బావగారి దగ్గుకి వేడినీళ్ళు.


వంటింటి కిటికీ దగ్గర్నుంచి,
మామిడిపళ్ళ బండి వచ్చే రోజులు

చెల్లీ,

"చెప్పను" అని ఒక్క ముక్కలో రాయడం నీకే చెల్లింది. మన అమ్మ అయితే కనీసం "చూద్దాంలే" అనేది. "ఏమీ నేర్పకు" అన్నది ఏ మనసుతో రాశావో నేను అడగను. నీ చేతి కిందికి వచ్చిన పిల్లలు ఏమీ నేర్చుకోకుండా పైకొస్తుంటే, నా మనవరాలు నేర్చుకుని పోవడం నీకు కష్టంగా ఉండొచ్చు.

నేను పని మొదలుపెట్టాను. పక్కింటి వాళ్ళనీ ఎదురింటి వాళ్ళనీ అడిగి, ముచ్చటలో ఏమేం అడుగుతారో కనుక్కుని పన్నెండు ప్రశ్నలు తయారుచేశాను. రోజూ స్నానం కాగానే, తల తుడుస్తూ వరసగా అడుగుతాను. నీ పేరేంటి? ఎవరితో ఉంటావు? టొమాటో ఏ రంగు? తొండం ఉన్న జంతువేది? చేతికి ఎన్ని వేళ్ళు? అలా పోయి పోయి, పెద్దయ్యాక ఏమవుతావు దగ్గర ఆగుతాం. డాక్టర్. వాళ్ళమ్మ నర్సే కదా, ఒక మెట్టు పైన ఉండనీ.

మొదటి వారం తడబడింది. ఇప్పుడు చూస్తే నీ కళ్ళు తిరుగుతాయి. నేను ప్రశ్న పూర్తి చెయ్యకముందే జవాబు. మొన్న నేను దగ్గుతో మధ్యలో ఆగిపోతే (అవును, నాకూ అంటుకుంది) ప్రశ్నల్లేకుండానే మిగిలిన జవాబులన్నీ అప్పజెప్పేసింది. మీ బావగారు పేపరు దించి, "ఇది రేడియోనా పిల్లా?" అన్నారు. ఆయన అంతకంటే ఏం మాట్లాడతారు!

ఒక్కటే చిక్కు. తల తుడిచాక ఒక్క క్షణం నిలవదు. ముక్కాలి పీట లాక్కుని కిటికీ ఎక్కుతుంది. ఎదురు బడిలో శిశు తరగతి మన గోడ అవతలే. అక్కడి పంతులమ్మకి మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది. ఊదగా నేనెప్పుడూ వినలేదు. అందుకే ఆవిడకి ఈలమ్మ అని పేరు పెట్టాను. మన బొంగరం ఆవిడ చేతులు తిప్పితే చేతులు తిప్పుతుంది, కప్పలా గెంతితే పీట మీదే గెంతుతుంది. అక్కడి పిల్లల పేర్లన్నీ దీనికి వచ్చు. ఎవరికి జలుబు చేసిందో, ఎవరు ఎవరితో జట్టు పచ్చి అన్నారో అన్నీ నాకు చెబుతుంది. ఎందుకూ పనికిరాని చదువు. ఈ కిటికీకి రేపు గుడ్డ కట్టేస్తాను.

అక్క


శిశు తరగతి వరండా నుంచి,
నీ ఉత్తరం అందిన పూటే

అక్కా,

గుడ్డ కట్టకు. ఆ పన్నెండు ప్రశ్నలూ ఒక్కరోజైనా అటూ ఇటూ కలిపి అడిగి చూడు. ఏం జరుగుతుందో నాకు రాయి.

మాట సాయం చెయ్యనన్నందుకు నా మనసు ఎలాంటిదో తేల్చేశావు. సంతోషం. మిగిలిన జవాబు ముచ్చట అయ్యాక రాస్తాను.

చెల్లి


వంటింటి కిటికీ దగ్గర్నుంచి,
ముచ్చట అయిన మర్నాడు

చెల్లీ,

నవ్వుకో. తలుపేసుకుని నవ్వుకో. నేను వరసగానే చెబుతాను, నాకు వేరేలా చెప్పడం రాదు.

ఆదర్శ బడికి వేళకంటే ముందే వెళ్ళాం. పిల్లకి ఎర్ర చెప్పులు వేశాను. గోడల నిండా రంగుల బొమ్మలు, బొమ్మల కింద "తాకరాదు". లోపల చిన్న బల్ల, అవతల ఇద్దరు మేడమ్‌లు. నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టారు. పిల్ల ఎంత బుద్ధిగా కూర్చుందనుకున్నావు! చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

పెద్ద మేడమ్ నవ్వుతూ, "పెద్దయ్యాక ఏమవుతావమ్మా?" అంది.

అది పన్నెండోది! మొదట్లోనే పన్నెండోది ఎవరైనా అడుగుతారా? పిల్ల తన పేరు చెప్పింది. ఇద్దరూ ముద్దుగా నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకా మించిపోయింది లేదని.

"చేతికి ఎన్ని వేళ్ళు?"

"మా అమ్మమ్మతో."

"నీ చెప్పులు ఏ రంగు?"

"ఎరుపు."

నాకు ప్రాణం లేచొచ్చింది. అది మూడో జవాబు, టొమాటో జవాబు, చెప్పులకి అదృష్టం కొద్దీ సరిపోయింది. ఇక దారిలో పడినట్టే అనుకున్నాను. అప్పుడు చిన్న మేడమ్ కాగితం చూసి, "నిన్ను ఇక్కడికి ఎవరు తీసుకొచ్చారు?" అంది.

"ఏనుగు" అంది బొంగరం, స్పష్టంగా, గొంతెత్తి, నేను నేర్పినట్టే.

పెద్ద మేడమ్ తలెత్తి గుమ్మం వంక చూసింది. నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరేనా?" అంది.

అక్కడ నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. "వరసలో అడగండి మేడమ్! దానికి అన్నీ వచ్చు! మీరే వరస తప్పారు!" అన్నాను. వరండాలో వేచి ఉన్నవాళ్ళందరికీ వినపడింది. ఎవరో తాత చప్పట్లు కొట్టాడు. పిల్ల వెనక్కి తిరిగి నా మొహం చూసి, ఏడుపు ఆపుకుంటూ, ఇంకా ఎవరూ అడగని జవాబులన్నీ గబగబా చెప్పేసింది. అయిదు. ఆదివారం. ఆవు. అలా డాక్టర్ దాకా. చెప్పేసి, "అయిపోయాయి అమ్మమ్మా" అంది.

కాగితం ఇచ్చారు. "ఇంకా సిద్ధంగా లేరు." నన్ను ఉద్దేశించి రాశారో, పిల్లనో తెలియదు.

ఇంటికొచ్చాక అది కిటికీ ఎక్కలేదు. పేరు చెప్పి పిలిచినా పలకలేదు. మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "సరేలే అమ్మా, బట్టలు సర్దిపెట్టు" అంది. కోపంగా అంటే బాగుండేది.

అక్క


ఇంటి మేడ మెట్ల మీంచి,
ఆదివారం

అక్కా,

నవ్వాను. ఏనుగు దగ్గర బాగా నవ్వాను. తర్వాత ఆ పిల్ల "అయిపోయాయి" అన్న చోట ఆగిపోయాను.

బాకీ ఉన్న జవాబు ఇదిగో. ముచ్చట ఎలా పెట్టాలో చెప్పే రెండు పేజీలు పై ఆఫీసు వాళ్ళు పోయిన ఏడాది ఒక శిశు తరగతి పంతులమ్మతో రాయించారు. అందులో మొదటి మాట: "పెద్దవాళ్ళు వరస నేర్పి పంపుతారు. కాబట్టి వరస తప్పించి అడగండి." ఆ పంతులమ్మ నేనే. బయటికి చెప్పనని సంతకం పెట్టాను. ముచ్చట్లన్నీ ముగిశాయి కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. ఇక "ఏమీ నేర్పకు" అన్నది ఏ మనసుతో రాశానో నువ్వే చూసుకో.

ఇంకో సంగతి. ఆ మాట రాసేటప్పుడు నా ఎదురుగా ఉన్నది నువ్వే. నాకు జడ వేస్తూ ఎక్కాలు అప్పజెప్పించుకునేదానివి, గుర్తుందా? ఇప్పటికీ ఎవరైనా ఏడెనిమిదులు ఎంతని అడిగితే ఏడొకట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టుకుంటూ రావాలి నేను. జడ మాత్రం చాలా బాగా వేసేదానివి.

కోప్పడు. కోప్పడటం అయ్యాక పీట మళ్ళీ కిటికీ దగ్గర పెట్టు. ఎదురు బడికి ముచ్చట లేదు, గుమాస్తా లేడు, గేటు కూడా లేదు.

చెల్లి


వంటింటి కిటికీ దగ్గర్నుంచి,
మొదటి వాన పడ్డాక

చెల్లీ,

నీతో మాట్లాడను. ఇది మాట్లాడటం కాదు, రాయడం.

సొంత అక్కని చూసి సర్కారుకి నియమాలు రాసిన ఘనత ప్రపంచంలో నీ ఒక్కదానిదే. నా బొమ్మ కూడా వేసి గోడకి అంటించమను, కింద "తాకరాదు" అని రాయించి.

పీట మాత్రం పెట్టాను. నువ్వు చెప్పావని కాదు, అడ్డంగా ఉందని జరిపాను.

రెండు రోజులకి ఎక్కింది. మూడోరోజు పీట ఉంది, పిల్ల లేదు. ఇల్లంతా వెతికి కిటికీలోంచి చూస్తే గోడ అవతల, మోకాళ్ళ దాకా బురదలో ఉంది. బడులు తెరవడానికి ఇంకా రోజులున్నా ఈలమ్మ చిన్నపిల్లల్ని పొద్దున పూట రానిస్తోందట, ఊరికే అలవాటు కోసం. గేటు లేని బడి కదా, ఇదీ వెళ్ళిపోయింది. చెయ్యి పట్టుకుని లాక్కొద్దామని వెళ్ళాను.

ఈలమ్మ నన్ను చూసి, "పెద్దమ్మా, అమ్మమ్మలు బయట కూర్చోవాలి" అంది.

"నేను కూర్చోడానికి రాలేదమ్మా."

"అందరూ అలాగే అంటారు. అదిగో మెట్టు."

కూర్చున్నాను. ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు. తొట్టి నిండా నీళ్ళు పెట్టి, గరాటా, చిల్లుల డబ్బా, సీసా ఇచ్చి ఊరుకుంది. మన బొంగరం ఆవిడ వెనకాలే తిరుగుతూ ఒకటే అడగడం! నీళ్ళు ఎందుకు ఆగవు? చిల్లు ఎవరు పెట్టారు? వేలు అడ్డుపెడితే నీళ్ళకి నొప్పెడుతుందా? ఈల ఎందుకు ఊదవు? (పాడైపోయిందట. కొత్తది అడిగి రెండేళ్ళయిందట.) నాలుగేళ్ళుగా నా దగ్గర ఉన్న పిల్ల ఇన్ని ప్రశ్నలు ఎక్కడ దాచుకుందో! నేను జవాబులు నేర్పే హడావుడిలో చూసుకోలేదు.

ఈలమ్మ గొప్పదని నేననను. హాజరు పట్టీ ఎక్కడ పెట్టిందో ఆవిడకే తెలియదు, గదంతా చెత్త. అల్మారాలో చెక్క దిమ్మలు చిందరవందరగా ఉంటే నా ప్రాణం ఒప్పలేదు. ఆవిడ అటు తిరగగానే లోపలికెళ్ళి పెద్దవి కింద, చిన్నవి పైన చక్కగా సర్దాను. తరగతంతా ఒక్కసారిగా గోల. ఆ పొడవు దిమ్మ, ఆ గుండ్రటి దిమ్మ నిన్న పోట్లాడుకున్నాయట. అందుకని దూరంగా పెట్టారట. నేను వాటిని పక్కపక్కన పడుకోబెట్టాను. మన బొంగరం నడుం మీద చేతులు పెట్టుకుని, "అమ్మమ్మా, వాటిని అడిగావా?" అంది.

మళ్ళీ మెట్టు మీదికి పంపేశారు.

ఇప్పుడు చెప్పు. పిల్ల రోజూ వెళుతోంది. రాత్రి నిద్రలో కూడా దిమ్మల తగువే. మా అమ్మాయి వచ్చే వారం వస్తుంది. మంచి బడి దొరికిందని దానికి చెప్పాలి. ఏ బడి అంటే? ముద్ద ముద్దకీ బెదిరించిన ఈ నోటితో ఎలా చెప్పను?

అక్క


శిశు తరగతి వరండా నుంచి,
వానలో తడుస్తూ

అక్కా,

అదే నోటితో చెప్పు. రెండోది ఎక్కడ తెస్తావు?

ఏమీ సిద్ధం చేసుకోకు. నర్సమ్మ ఏది ముందు అడుగుతుందో మనకి తెలియదు.

చెల్లి


మెట్టు మీంచి,
బడులు తెరిచిన రెండోవారం

చెల్లీ,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. డబ్బాలన్నీ కిందికి దించి కడిగాను. ఎందుకు కడిగానో నీకు ముందే తెలుసు కాబట్టి ఉత్తరం ఇక్కడితో ఆపెయ్యొచ్చు. అయినా రాస్తాను.

మా అమ్మాయి చెప్పిన రోజుకంటే ఒకరోజు ముందే దిగింది. చెప్పులు విప్పుతూనే "బొంగరం ఏదమ్మా?" అంది.

"ఎదురు బడిలో" అన్నాను.

అది ఒక చెప్పుతో అలాగే నిలబడిపోయింది. "కట్టేసి వచ్చావా?"

నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. అవును, నువ్వు వద్దన్నా చేసుకున్నాను, తొమ్మిది వాక్యాలు. ఒక్కటీ పనికి రాలేదు. "నేను అబద్ధం చెప్పి నీకు అన్నం పెట్టానే. ఆ బడి లోపలికి నేను ఈ నెల వరకూ అడుగుపెట్టలేదు. నువ్వే వెళ్ళి చూసిరా" అన్నాను.

వెళ్ళింది. ఈలమ్మ దాన్నీ మెట్టు మీదే కూర్చోబెట్టింది. ఆసుపత్రిలో పెద్ద పెద్ద డాక్టర్లని హడలెత్తించే మనిషి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఆ పొట్టి మెట్టు మీద పిల్లల్ని వదిలేదాకా కూర్చుంది. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. గెలిచేశాననుకున్నాను చెల్లీ. పిల్ల పక్కబట్టలకి రెండో జత కూడా లెక్కేసుకున్నాను.

రాత్రి అన్నాల దగ్గర చెప్పింది. "అమ్మా, మా క్వార్టర్స్ పక్కన అచ్చం ఇలాంటి బడే ఉంది. నీ బెదిరింపు గుర్తొచ్చి అటు చూడటం కూడా మానేశాను. పిల్లని ఎక్కడ వెయ్యాలో తెలియకే నీ దగ్గర ఉంచుదామని సగం మనసుతో అనుకున్నాను. ఇప్పుడు ఆ బెంగ లేదు. నువ్వు చెప్పావు కాబట్టి నమ్ముతున్నాను."

మా అమ్మాయి నా మాట మొదటినుంచి చివరిదాకా విని నమ్మడం ఇదే మొదలు. ఎప్పుడు నమ్మిందో చూశావా! మీ బావగారు దగ్గబోయి, నా మొహం చూసి మానేశారు.

కాదనలేదు. ఏమని కాదనను? ఆ బడి మంచిదని చెప్పింది నేనే. మన ఊళ్ళో ఉంటేనే మంచిది, వాళ్ళమ్మ ఊళ్ళో ఉంటే కాదు అనే తెలివి ఆదర్శ బడి వాళ్ళకే ఉంటుంది, నాకు లేదు.

వెళ్ళే పొద్దున స్నానం చేయించి తల తుడిచాను. ఏమీ అడగలేదు. అదే అడిగింది.

"అమ్మమ్మా, రేపట్నుంచి నువ్వు ఏ బడికి వెళ్తావు?"

అది పన్నెండింటిలో లేదు. నేను మా అమ్మాయి వంక చూశాను. "అందించకూడదు" అంది అది, పెట్టె జిప్పు లాగుతూ. పిల్ల తువ్వాల్లోంచి మొహం బయటపెట్టి ఎదురుచూసింది. నేర్పిన జవాబు లేకుండా ఒకళ్ళ ఎదుట కూర్చోవడం ఎలా ఉంటుందో నాకప్పుడు తెలిసింది.

"ఎదురు బడికి" అన్నాను.

"మరి బయట కూర్చోవాలి" అంది.

కూర్చుంటున్నాను. పొద్దున ఇంటి పని తెమిలాక వస్తాను. ఈలమ్మకి హాజరు పట్టీ వెతికి పెడతాను, ముక్కులు తుడుస్తాను, గరాటాలు కడుగుతాను. దిమ్మల జోలికి పోనని మాటిచ్చాను. బొంగరం అక్కడ బళ్ళో చేరింది. ఫోన్‌లో "బాగుందా?" అంటే, "ఇక్కడ మెట్టు పెద్దది, ఇద్దరు పడతారు" అంది.

ఇవాళ పిల్లలు నన్ను లోపలికి పిలిచారు, వాళ్ళంతట వాళ్ళే. పొడవు దిమ్మ, గుండ్రటి దిమ్మ కలిసిపోయాయట, చూసి వెళ్ళమన్నారు. పక్కపక్కనే ఉన్నాయి, నేను అప్పుడు పెట్టినట్టే. "ఎవరు ముందు మాట్లాడారు?" అని అడిగాను. "ఎవరో ఒకరు" అని నన్ను బయటికి పంపేశారు.

సెలవులకి రా. ఏడెనిమిదులు అడగను. జడ వేస్తాను.

అక్క